2.4 శాతానికి అప్పిచ్చి, 10.23 శాతానికి అప్పు తెచ్చి: జీహెచ్‌ఎంసీ బడ్జెట్ మీద ఒక కేస్ స్టడీ

గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. పదేళ్ల గడువు, 8.90 శాతం వడ్డీ. అదే ఏడాది ఆగస్టులో మరో 195 కోట్లు తెచ్చింది, 9.38 శాతానికి. 2019 ఆగస్టులో మూడో విడత 100 కోట్లు, 10.23 శాతానికి. మొత్తం 495 కోట్లు. నగరంలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టే ఎస్‌ఆర్‌డీపీ పథకానికి ఈ డబ్బు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో అదే కార్పొరేషన్, ఆస్తి పన్ను ఎగ్గొట్టినవాళ్లకి బకాయి మీద పేరుకున్న వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తూ వన్‌టైమ్ సెటిల్‌మెంట్ (ఓటీఎస్) పథకాలు పెట్టింది. 2020లో ఒకసారి, 2022లో ఒకసారి, తర్వాత 2024లో, 2025లో కూడా.

ఈ రెండూ వేర్వేరు ఫైళ్లలో నడుస్తాయి. బాండ్లు ఫైనాన్స్ విభాగం పని, మాఫీ రెవెన్యూ విభాగం పని. రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద పరిచి చూస్తేగాని నగర ఖజానా పరిస్థితి అర్థం కాదు. 2025-26కి 8,440 కోట్ల బడ్జెట్ అని పేపర్లో వచ్చే అంకె చూస్తే అసలే అర్థం కాదు. అందులో సొంత పన్నులున్నాయి, ప్రభుత్వం నుంచి రావచ్చనుకున్న గ్రాంట్లున్నాయి, తేబోయే అప్పులున్నాయి. ఒక్కోదాని నమ్మకం ఒక్కో రకం. అన్నీ కూడేసిన మొత్తానికి పత్రికా ప్రకటనలో తప్ప వేరే ఉపయోగం లేదు.

ఒక ఫ్లాటు దగ్గర మొదలుపెడదాం

వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు తీసుకోండి. ఆ వీధికి నోటిఫై చేసిన నెలసరి అద్దె రేటు చదరపు అడుగుకి రూపాయి పావలా అనుకుందాం. నెల అద్దె విలువ 1,250, ఏడాదికి 15,000. దీని మీద పన్ను శాతం శ్లాబుల ప్రకారం. నెల అద్దె విలువ 50 రూపాయల దాకా పన్ను లేదు, 51 నుంచి 100 దాకా 17 శాతం, 101 నుంచి 200కి 19, 201 నుంచి 300కి 22, 300 దాటితే 30 శాతం. మూడొందల ఒక్క రూపాయి అద్దెకి ఇవాళ హైదరాబాదులో స్కూటర్ పెట్టుకునే చోటు కూడా దొరకదు. కాబట్టి కింది శ్లాబులు కాగితం మీదివే. దాదాపు అందరూ 30లోనే ఉంటారు.

15,000లో 30 శాతం 4,500. కొత్త భవనానికి తరుగు 10 శాతం తీస్తే 4,050. దాని మీద గ్రంథాలయ సెస్సు 8 శాతం, 324 రూపాయలు. మొత్తం బిల్లు 4,374.

బడ్జెట్ వేసేవాళ్లు మొదటి తప్పు ఇక్కడే చేస్తారు. ఆ 324 కార్పొరేషన్ డబ్బు కాదు. వసూలు చేసి గ్రంథాలయ సంస్థకి ఇవ్వాల్సింది. ఆదాయం పద్దులో కాదు, బాకీల పద్దులో ఉండాలి. కౌంటర్ దగ్గర, ఆన్‌లైన్‌లో వచ్చిన మొత్తాన్ని కలెక్షన్ అని ప్రకటిస్తారు, ఆ అంకెనే మరుసటి ఏడాది అంచనాకి ఆధారం చేసుకుంటారు. బిల్లులో ప్రతి 108 రూపాయల్లో 8 రూపాయలు మనవి కావు. ఖర్చయిపోయాక గ్రంథాలయ సంస్థ బకాయి అడిగితే, అది కొత్త భారంలా కనిపిస్తుంది.

రెండో సంగతి, ఈ ఫ్లాటు పన్ను తనంతట తాను పెరగదు. అద్దె రేటు మళ్లీ నోటిఫై చేస్తే తప్ప పదేళ్ల తర్వాత కూడా అదే 4,374. తరుగు మినహాయింపు మాత్రం పెరుగుతుంది, పాతికేళ్లు దాటిన భవనానికి 20 శాతం, నలభై దాటితే 30. అంటే పాతబడేకొద్దీ పన్ను తగ్గుతుంది. జీతాలు, కరెంటు, డీజిలు మాత్రం ఏటా పెరుగుతాయి. కనుక జీహెచ్‌ఎంసీ ఆస్తి పన్ను పెరుగుదల కొత్త కట్టడాల నుంచి, లెక్కకెక్కని అంతస్తులు పట్టుకోవడం నుంచి, పాత బకాయిల నుంచి రావాల్సిందే. ఆంధ్రప్రదేశ్ 2021లో అద్దె విలువ పద్ధతి వదిలేసి మూలధన విలువ మీదికి మారింది, ఏటా పెంపు 15 శాతం దాటకుండా కట్టు వేసి. దాని మీద జనంలో కోపం వచ్చింది, నిజమే. కానీ విజయవాడలోనో విశాఖలోనో బడ్జెట్ వేసేవాడికి ఏటా కదిలే పన్ను ఆధారం ఉంది. హైదరాబాదులో అది లేదు.

ఇంకోటి, సొంత ఇంట్లో ఉండి ఏడాదికి 1,200 లోపు పన్ను వచ్చేవాళ్ల నుంచి 101 రూపాయలే తీసుకునే వెసులుబాటు. పేదలకి మంచిదే. కాకపోతే ఏ ఇంటి నుంచి ఎంత రావాలో రాసే డిమాండ్ రిజిస్టర్‌లో ఆ ఇళ్లు పూర్తి పన్నుతో ఉన్నాయా, 101తో ఉన్నాయా చూసుకోవాలి. పూర్తి పన్నుతో ఉంటే ఎన్నటికీ రాని డిమాండ్ ఏటా బకాయిగా పేరుకుంటుంది.

మాఫీకి అసలు ధర

పన్ను గడువు తేదీలు జూలై 31, అక్టోబర్ 15. దాటితే నెలకి 2 శాతం వడ్డీ, ఏడాదికి 24. మన ఫ్లాటు యజమాని ఒక ఏడాది పన్ను 4,374 నాలుగేళ్లు కట్టలేదనుకోండి. వడ్డీ 4,199 అవుతుంది. ఓటీఎస్ వచ్చింది, 90 శాతం మాఫీ. అసలుతో పాటు 420 కడితే సరి.

నాలుగేళ్లకి 420 అంటే ఏడాదికి 2.4 శాతం. బ్యాంకు సేవింగ్స్ ఖాతా వడ్డీ స్థాయి. అంటే పన్ను ఎగవేసినవాడికి కార్పొరేషన్ 2.4 శాతానికి నాలుగేళ్ల అప్పిచ్చినట్టు. అదే కార్పొరేషన్ బాండ్ మార్కెట్‌కి 10.23 ఇస్తోంది. ప్రతి 100 కోట్ల బకాయి మీద ఏటా 7 కోట్ల 83 లక్షలు చేతి నుంచి పోతున్నాయి. ఏ ఆడిట్ రిపోర్టులోనూ ఇది నష్టం అని కనిపించదు, ఎందుకంటే ఎక్కడా చెల్లింపు జరగలేదు.

ఓటీఎస్ ఎప్పుడూ తప్పే అనడం లేదు. కోర్టు కేసుల్లో ఇరుక్కున్న బకాయికి, ఒకే ఆస్తికి రెండు సార్లు పన్ను వేసిన డబుల్ అసెస్‌మెంట్ గొడవల్లో ఆగినదానికి ఒకసారి తలుపు తీయడం తెలివైన పనే. రెండోసారి తీస్తే అలవాటు. మూడోసారికి పెద్ద కమర్షియల్ భవనాల యజమానులు తమ సొంత క్యాష్‌ఫ్లో ప్లాన్‌లోనే దాన్ని రాసుకుంటారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది సరైన లెక్కే.

ఏప్రిల్‌లో ఇచ్చే ఎర్లీ బర్డ్ రాయితీని కూడా ఇలాగే కొలవాలి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం తగ్గింపు. గడువు తేదీలకే కట్టే మనిషి సగం జూలై 31కి, సగం అక్టోబర్ 15కి కట్టేవాడు. సగటున నాలుగుంపావు నెలల ముందు డబ్బు వచ్చింది. 95 రూపాయలకి 5 రూపాయలు, నాలుగుంపావు నెలలకి. ఏడాది వడ్డీగా మారిస్తే 15 శాతం దగ్గర పడుతుంది. బాండు కన్నా ఖరీదైన అప్పు! అదే మనిషి ఓటీఎస్ కోసం మార్చిదాకా ఎదురుచూసే రకమైతే, పదకొండు నెలలు ముందు వచ్చింది కాబట్టి ఖర్చు ఆరేడు శాతమే. అంటే ఎర్లీ బర్డ్ మంచిదా కాదా అన్నది ఎవరు వాడుకుంటున్నారన్న దాని మీద ఉంటుంది. పీటీఐఎన్ నంబర్ల (ప్రతి ఆస్తికీ ఇచ్చే పన్ను గుర్తింపు నంబరు) వారీగా గత మూడేళ్ల చెల్లింపు తేదీలు తీస్తే ఈ సమాధానం ఒక పూటలో దొరుకుతుంది. రాయితీని, మాఫీని కలిపి చూస్తే ఇంకో చేదు నిజం కూడా కనిపిస్తుంది. ముందు కట్టినవాడికి 5 శాతం ఇస్తున్నాం, అయిదేళ్లు ఎగ్గొట్టినవాడికి వడ్డీలో 90 శాతం ఇస్తున్నాం. మధ్యలో గడువుకి కట్టినవాడికే ఏమీ లేదు.

బాండు వడ్డీ ఎందుకు పెరుగుతూ పోయింది

కూపన్ రేటు, అంటే బాండు మీద ఇచ్చే వడ్డీ, ఒక్కటే చూడకూడదు. ఆ రోజు రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, పక్కన పెట్టి చూడాలి. 2017 జూన్‌లో పుణె కార్పొరేషన్ 200 కోట్లు 7.59కి తెచ్చినప్పుడు రెపో 6.25. తేడా 1.34. జీహెచ్‌ఎంసీ మొదటి విడతకి రెపో 6.00, తేడా 2.90. రెండో విడత నాటికి రెపో 6.50, తేడా 2.88. మూడో విడత నాటికి రెపో 5.40కి దిగింది, జీహెచ్‌ఎంసీ రేటు మాత్రం 10.23కి ఎక్కింది. తేడా 4.83.

మధ్యలో 2018 సెప్టెంబరులో మౌలిక వసతులకి అప్పులిచ్చే పెద్ద ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కూలింది. మ్యూచువల్ ఫండ్లు, బ్యాంకులు ప్రభుత్వ గ్యారంటీ లేని కాగితం ముట్టుకోవడానికే జంకిన రోజులవి. అదే 2018 డిసెంబరులో విశాఖ కార్పొరేషన్ 80 కోట్లకి 10 శాతం ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి మొత్తం తప్పు హైదరాబాదుది కాదు. కానీ మార్కెట్ ఆ స్థితిలో ఉన్నప్పుడు, వంద కోట్ల చిన్న ఇష్యూని పదేళ్లకి ఆ రేటున కట్టేసుకోవడం సరైన నిర్ణయమా అని అడగాల్సిందే. చిన్న సైజు ఇష్యూ సెకండరీ మార్కెట్లో (ఒకసారి కొన్న బాండ్లు మళ్లీ చేతులు మారే చోట) కదలదు, కొనేవాడు దానికీ అదనంగా వడ్డీ అడుగుతాడు. రేటింగు, ట్రస్టీ (బాండు కొన్నవాళ్ల తరఫున నిఘా పెట్టే సంస్థ), లిస్టింగ్, అరేంజరు ఖర్చులు 100 కోట్లకైనా 400 కోట్లకైనా పెద్దగా మారవు.

మొదటి విడతకి ఒక సమర్థన ఉంది. అమృత్ పథకం కింద కేంద్రం ప్రతి 100 కోట్ల బాండుకి 13 కోట్ల ప్రోత్సాహకం ఇచ్చింది, గరిష్ఠం 26 కోట్లు. 200 కోట్లు తెస్తే చేతికి 226 కోట్లు వచ్చినట్టు. ఏటా 17 కోట్ల 80 లక్షల వడ్డీ, పదో ఏట 200 కోట్ల అసలు అని వేసుకుని లెక్క కడితే నిజమైన వడ్డీ 7 శాతం చుట్టూ తేలుతుంది. ఇది మంచి బేరం. రెండు, మూడు విడతలకి ఆ తియ్యదనం లేదు, గరిష్ఠ పరిమితి మొదటి విడతతోనే నిండిపోయింది.

మూడు విడతల వడ్డీ ఏడాదికి ఇలా: 17.80, 18.29, 10.23. కలిపి 46 కోట్ల 32 లక్షలు. అసలు తీర్చడానికి ఏటా కొంత దాచే సింకింగ్ ఫండ్‌లో సమానంగా వేస్తే 49 కోట్ల 50 లక్షలు. ఆ ఫండ్‌కి ఆరున్నర శాతం వడ్డీ వస్తుందనుకుంటే 36 కోట్ల 68 లక్షలు వేస్తే చాలు. అంటే బాండ్ల మొత్తం బరువు ఏటా 83 నుంచి 96 కోట్లు. ఆస్తి పన్ను రెండు వేల కోట్ల దగ్గర ఉన్న సంస్థకి ఇది నడుం విరిచే భారం కాదు.

అసలు బరువు బ్యాంకు రుణాలది. ఎస్‌ఆర్‌డీపీ కోసమే స్టేట్ బ్యాంకు నుంచి 2,500 కోట్ల టర్మ్ లోను. ప్రధాన రోడ్ల నిర్వహణ పథకం సీఆర్‌ఎంపీకి మరొకటి. బాండు వడ్డీ స్థిరం, బ్యాంకు లోను వడ్డీ సాధారణంగా రెపోతో పాటు కదిలేది. 2,500 కోట్లు పూర్తిగా వాడేసి ఉంటే ఒక్క శాతం పెరిగితే ఏటా 25 కోట్లు. 2022 మే మొదట్లో 4.00 ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.50 అయింది. ఆ రెండున్నర శాతం పూర్తిగా లోను మీద పడితే 62 కోట్ల 50 లక్షలు, అంటే మూడు బాండ్ల మొత్తం వడ్డీ కన్నా ఎక్కువ. బడ్జెట్ పుస్తకంలో వడ్డీ హెడ్ ఎదురుగా ఒకే అంకె వేయడం ఎందుకు చాలదో ఇది చెబుతుంది. స్థిర వడ్డీ వేరు, మారే వడ్డీ వేరు రాయాలి. మారేదానికి ఒక శాతం అదనంగా వేసి పక్కన పెట్టాలి.

డబ్బు తెచ్చి వాడకపోవడం ఇంకో రంధ్రం. భూసేకరణ తేలకుండా, కరెంటు లైన్లు, వాటర్‌బోర్డు పైపులు మార్చకుండా బాండు అమ్మితే 200 కోట్లు డిపాజిట్‌లో కూర్చుంటాయి. 8.90కి తెచ్చి 6.50కి దాచుకుంటే నెలకి 40 లక్షలు ఆవిరి. పని స్థలం చేతికొచ్చాకే అప్పు తేవాలి. టెండరు పిలిచాక అన్నా చాలదు.

ఎస్క్రోలో ఇరుక్కునే డబ్బు

మున్సిపల్ బాండుకి తాకట్టు భూమి కాదు, వసూళ్లు. ఆస్తి పన్ను వంటి సొంత రాబడి ముందు ఎస్క్రో ఖాతాలోకి, అంటే ఒప్పందంలో రాసుకున్న వరసలోనే డబ్బు వదిలే బ్యాంకు ఖాతాలోకి, వెళ్తుంది. అక్కడ ముందుగా వడ్డీ ఖాతాకి, తర్వాత సింకింగ్ ఫండ్‌కి నెలసరి వాటా కోస్తారు. రిజర్వు ఖాతా నిండుగా ఉందో లేదో ట్రస్టీ చూస్తాడు. మిగిలింది జనరల్ ఖాతాకి వదులుతారు. బాండు కొన్నవాడికి భరోసా ఇదే, మంచి రేటింగు వచ్చేది దీనివల్లే.

ఇబ్బంది తేదీల్లో వస్తుంది. పారిశుద్ధ్య కార్మికుల జీతం ఒకటో తారీకున పడాలి. ఎస్క్రో కోత నెల మొదట్లో పెడితే, వసూళ్లు పలచగా ఉండే నవంబరు, డిసెంబరు నెలల్లో జీతాల రోజున జనరల్ ఖాతా ఖాళీగా ఉంటుంది. ఒప్పందం రాసుకునే రోజునే ఈ తేదీ బేరం ఆడుకోవాలి. ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ వరద వచ్చినప్పుడే ఆరు నెలల వాటా ముందుగా జమ చేసే వెసులుబాటు అడగాలి. లాయరు పంపిన డ్రాఫ్ట్ మీద సంతకం పెట్టేసి, డిసెంబరులో ఓవర్‌డ్రాఫ్ట్ కోసం పరిగెత్తడం సామాన్యంగా జరిగే కథ.

నవంబరు 10 నాటి అంచనా

చట్టం ప్రకారం కమిషనర్ ముసాయిదా బడ్జెట్ నవంబరు 10కి ముందు స్టాండింగ్ కమిటీకి రావాలి. ఫిబ్రవరి 20లోగా జనరల్ బాడీ ఆమోదం, మార్చి 7లోగా ప్రభుత్వానికి. అంటే వచ్చే ఏడాది అంచనా వేసేనాటికి ఈ ఏడాది ఏడు నెలల యాక్చువల్స్ మాత్రమే చేతిలో ఉంటాయి. ఆ ఏడు నెలల్లో ఏప్రిల్ ఉంది.

ఏడు నెలలది పన్నెండుతో గుణించి ఏడుతో భాగించడం అకౌంట్స్ సెక్షన్లో పాత అలవాటు. ఊహకి ఒక లెక్క తీసుకుందాం. ఏడాది వసూలు 100 అయితే ఏప్రిల్‌లో 40, మే నుంచి అక్టోబర్ దాకా 25, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా 12, మార్చిలో 23. అక్టోబర్ చివరికి 65. పన్నెండు బై ఏడు చేస్తే 111. పదకొండు శాతం ఉబ్బు అంచనాలోనే పుట్టింది. రెండు వేల కోట్ల మీద అది 220 కోట్లు. దీని బదులు, గత అయిదేళ్లలో అక్టోబర్ చివరికి ఏడాది మొత్తంలో ఎంత శాతం వచ్చిందో తీసి, ఆ శాతంతో భాగించాలి. ఓటీఎస్ నడిచిన ఏడాదిని ఆ సగటులోంచి తీసేయాలి.

ఓటీఎస్ చిక్కు ఎంత పెద్దదో 2024-25 చెబుతుంది. ఆ ఏడాది ఆస్తి పన్ను తొలిసారి రెండు వేల కోట్లు దాటి 2,038 కోట్లకి చేరింది. ముందటేడు 1,917. ఆరు శాతం పెరుగుదల అని మురిసి, అదే వరసన 2,166 అని తర్వాతి ఏడాదికి వేసేయవచ్చు. కానీ 2,038లో సుమారు 465 కోట్లు ఓటీఎస్ కింద వచ్చినవి. అందులో కొంత ఆ ఏటి పన్నే, మళ్లీ వస్తుంది. ఎక్కువ భాగం పాత బకాయి, ఒకసారే వస్తుంది. కాబట్టి అంచనాకి ఆధారం 1,573కీ 2,038కీ మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడో చెప్పేది డీసీబీ (డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్) స్టేట్‌మెంట్ ఒక్కటే. దాన్ని సర్కిల్ మొత్తంగా కాక వయసు వారీగా చీల్చాలి. ఈ ఏటి డిమాండ్ వేరు, ఒకటి రెండేళ్ల బకాయి వేరు, అంతకన్నా పాతది వేరు, ప్రభుత్వ భవనాలది వేరు, కోర్టు స్టే ఉన్నది వేరు. ప్రతి గుంపుకీ గత మూడేళ్ల వసూలు శాతం కట్టాలి. ప్రభుత్వ భవనాల బకాయి నగదు అంచనాలోకి అసలు తేకూడదు, సర్దుబాటు ఉత్తర్వు కాదు, డబ్బే జమ అయ్యేదాకా.

జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ పాత బకాయికి కేటాయింపు చెప్పింది: రెండేళ్లు దాటితే 25 శాతం, మూడేళ్లకి 50, నాలుగేళ్లకి 75, అయిదేళ్లు దాటితే పూర్తిగా రాదనే లెక్క. ఇది బ్యాలెన్స్ షీటు కోసం రాసింది. బడ్జెట్‌కి కూడా పనికొస్తుంది, ఎవరూ వాడరు. ఏటా 24 శాతం వడ్డీ కలుపుకుంటూ పోయే బకాయి జాబితా కాగితం మీద నగరం ఆస్తిలా కనిపిస్తుంది. అందులో చెప్పుకోదగ్గ భాగం రేపు ఓటీఎస్‌లో కొట్టేయబోయే వడ్డీయే.

నగరం హద్దు మారినప్పుడు ఈ పాత శాతాలన్నీ పనికిరాకుండా పోతాయి. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ అయినప్పుడు ఇదే జరిగింది. 2025 డిసెంబరులో చుట్టూ ఉన్న 27 పట్టణ సంస్థలు కలిసినప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న. కలిసిన ఊళ్ల డిమాండ్ రిజిస్టర్లు వేరే చట్టం కింద తయారైనవి. వాటి పన్నుతో పాటు వాటి కాంట్రాక్టర్ల బిల్లులూ వస్తాయి. మొదటి రెండేళ్లు పాత హద్దు అంచనా, కొత్త హద్దు అంచనా వేర్వేరుగా నడపాలి.

మిగతా రాబడులు క్లుప్తంగా

భవన అనుమతుల ఫీజు రియల్ ఎస్టేట్ ఊపుతో ఊగుతుంది. నాలుగైదు పెద్ద టవర్ల ఫైళ్లు మార్చి నుంచి ఏప్రిల్‌కి జరిగితే ఏడాది లెక్క తలకిందులు. అయిదేళ్ల మధ్యస్థం తీసుకుని, అంతకు మించి వచ్చినది ఒకసారి చేసే పనులకే వాడాలి, జీతాలకి కాదు. క్రమబద్ధీకరణ ఫీజులదీ ఇదే దారి.

వృత్తి పన్నుకి రాజ్యాంగంలోనే గరిష్ఠం 2,500 రూపాయలు, 1988 నుంచి మారలేదు. ఐటీ ఉద్యోగాలు పెరిగితే తప్ప ఇది పెరగదు. స్టాంపు డ్యూటీ వాటా, మోటారు వాహన పన్ను పరిహారం రాష్ట్రం దగ్గర నుంచి రావాలి. ఇక్కడ జీవో వేరు, డబ్బు వేరు. బడ్జెట్ రిలీజ్ ఆర్డరు చూసి కాంట్రాక్టరుకి మాట ఇచ్చిన ఇంజినీరు చాలా ఇబ్బంది పడతాడు. గత మూడేళ్లలో జీవోకీ జమకీ మధ్య ఎన్ని నెలలు పట్టిందో రాసుకుంటే, ఈ ఏడాది జీవోల్లో ఎంత వచ్చే ఏడాదికి జారుతుందో తెలిసిపోతుంది.

డబ్బు బయటికి వెళ్లే దారి ఒక్కోసారి బడ్జెట్ పుస్తకంలో అసలే ఉండదు. తెలంగాణ వచ్చిన కొత్తలో సిటీ బస్సుల నష్టాలు పూడ్చడానికి ఆర్టీసీకి రెండేళ్లలో 300 కోట్లకు పైగా జీహెచ్‌ఎంసీ నిధులు వెళ్లాయి. అంత నగదు నిల్వ పోయాక రెండు మూడేళ్లకే బాండ్ల మార్కెట్ తలుపు తట్టాల్సి రావడం కాకతాళీయం కాదు.

పని మంజూరుకీ బిల్లు చెల్లింపుకీ మధ్య

ఖర్చు వైపు వరస ఇలా ఉండాలి. జీతాలు, పెన్షన్లు, అవుట్‌సోర్సింగ్ వేతనాలు. తర్వాత అప్పుల వాయిదాలు. వీధి దీపాల కరెంటు, చెత్త తరలింపు ఒప్పందాల చెల్లింపులు. తర్వాత రోడ్ల, నాలాల నిర్వహణ. చట్టం చెప్పిన 10 శాతం గ్రీన్ బడ్జెట్. చివరికి కొత్త పనులు. పుస్తకంలో ఈ వరసే ఉంటుంది, మంజూర్లు మాత్రం అడుగు నుంచి మొదలవుతాయి.

ఒక హెడ్‌లో 100 కోట్ల కేటాయింపు ఉందనుకోండి. పనులు రెండు మూడేళ్లు సాగుతాయి కదా అని 250 కోట్లకి పరిపాలనా అనుమతి ఇస్తారు. ఏడాది చివర చెల్లించగలిగింది 60. మిగిలిన 190 స్పిల్ ఓవర్‌గా వచ్చే ఏడాదికి పోతుంది. వచ్చే ఏడాది కేటాయింపు మళ్లీ 100, మళ్లీ కొత్త మంజూర్లు 250. మూడో ఏడాదికి కాంట్రాక్టర్లు టెండరు వేయరు, వేసినా బిల్లు ఆలస్యాన్ని రేటులో కలుపుకుని వేస్తారు. రోడ్డు ఖరీదు పెరిగింది సిమెంటు వల్లనుకుంటాం. అందులో కొంత మన బాకీకి వడ్డీ.

దీనికి ఒక్క కొలబద్ద చాలు. చెల్లించని బిల్లులు, ఒప్పందాల్లో ఇంకా మిగిలిన పని విలువ కూడండి. దాన్ని గత మూడేళ్లలో నిజంగా చెల్లించిన పనుల బిల్లుల సగటుతో భాగించండి. పై లెక్కలో మొదటి ఏడాది చివరికే 190 బై 60, మూడుంపావు దగ్గర. రెండు దాటితే కొత్త మంజూరు ఆపేయాలన్నది మా అభిప్రాయం. కౌన్సిల్‌లో ఇది ఎవరికీ నచ్చదు. వార్డుకి ఇంత అని పంచే నిధి దగ్గరే గొడవ మొదలవుతుంది. అందుకే ఈ అంకెను బడ్జెట్ ప్రసంగానికి అనుబంధంగా కాక, ప్రతి పని ఫైలు మీద ఆర్థిక సలహాదారు నోట్‌లోనే రాయాలి. సంతకం పెట్టేవాడి కంట పడుతుంది.

కట్టేశాక మొదలయ్యే ఖర్చు ఇంకోటుంది. 2020 సెప్టెంబరులో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ వంతెన లాంటిదానికి లైట్లు, కేబుళ్ల తనిఖీ, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, బేరింగులు అన్నీ నిర్వహణ హెడ్‌లో పడతాయి. డీపీఆర్‌లో (పథకం వివరాల నివేదికలో) నిర్మాణ వ్యయం అంకె లక్షల దాకా ఉంటుంది, ఏటా నిర్వహణకి ఎంతన్న వరస ఖాళీగానో, ఒక ఉజ్జాయింపు శాతంతోనో ఉంటుంది. ప్రతి కొత్త ఫ్లైఓవర్‌కీ తెరిచిన ఏడాది నుంచి నిర్వహణ మొత్తాన్ని అయిదేళ్ల అంచనాలో విడిగా చూపకపోతే, నాలాల పూడికతీత డబ్బే అక్కడికి మళ్లుతుంది. ఎందుకంటే ఆ హెడ్‌లో రీఅప్రాప్రియేషన్, అంటే ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకి మార్చడం, సులువు. దాని ఫలితం జూలై వానలోగాని బయటపడదు.

2028 ఫిబ్రవరి

మొదటి విడత బాండు పదేళ్ల గడువు 2028 ఫిబ్రవరిలో తీరుతుంది. అది 2027-28 ఆర్థిక సంవత్సరం. ఆ బడ్జెట్ ముసాయిదా స్టాండింగ్ కమిటీ ముందుకి రావాల్సింది 2026 నవంబరు 10కి ముందు. రెండో విడత గడువు 2028 ఆగస్టు, మొదటిదానికి ఆరు నెలలే తేడా. కానీ మార్చి 31 మధ్యలో ఉంది కాబట్టి వేరే బడ్జెట్‌లో పడుతుంది. మూడోది 2029 ఆగస్టు. ముసాయిదాలో చూడాల్సినవి మూడు అంకెలు: సింకింగ్ ఫండ్ ఖాతాలో బ్యాంకు ధ్రువీకరించిన నిల్వ, గడువు నాటికి అందులో చేరాల్సిన మొత్తం, ఆ తేడాని నెలలతో భాగించిన వాయిదా. ఈ వాయిదా ఏప్రిల్ వసూళ్లలోంచే పక్కన పెట్టాలి. డిసెంబరుకి వదిలేస్తే జీతాలకీ దానికీ పోటీ వస్తుంది. ఆ ముసాయిదాలోనే, అదే ఏడాది మార్చికి మరో ఓటీఎస్ వస్తుందని రాబడిలో వేసుకున్నారేమో కూడా చూడాలి.